టాంకు తలపైని ఆకాశము



జనగామ మెట్టపల్లెలలోను, మానుకోట మిర్చిచేల గట్లమీదను, భూపాలపల్లి బొగ్గుగనుల కాలనీలలోను పగటి పని ముగించుకొని ఈ వేళ రేడియో చెంత కూర్చున్న మీతో, యుద్ధమునకు సంబంధించిన ఒక ప్రశ్నను గూర్చి కొంతసేపు ముచ్చటింపదలచితిని. ముప్పది నలువది టన్నుల బరువు కలిగి, ఎదుటినుండి వచ్చు ఫిరంగిగుండును నొసటితో కాచుకొని ముందునకు సాగగల టాంకు, ఆకాశమునుండి విమానము తనమీదికి దూకినప్పుడు తన్ను తాను ఎంతవరకు రక్షించుకొనగలిగినది? ఇదియే ప్రశ్న. వినుటకు చిన్నది. కాని రెండవ ప్రపంచయుద్ధములో ఈ ప్రశ్నకు సమాధానము దొరకకయే ఎందరో యువకులు ఆ ఉక్కుగోడల నడుమ ప్రాణములు విడిచిరి.

మొదట మన పొరుగున జరిగిన కథ చెప్పెదను. జనగామనుండి ఒక దారి సూర్యాపేటకు పోవును. మానుకోటవారికి సూర్యాపేట సరిహద్దు జిల్లాయే. ఆ సూర్యాపేట మీదుగా బెజవాడనుండి హైదరాబాదునకు పోవు రాజమార్గము కలదు. 1948 సెప్టెంబరు 13వ తేది ఉదయమున భారతసేనలు హైదరాబాదు సంస్థానములో ప్రవేశించినవి. పశ్చిమమున షోలాపూరు వైపునుండి మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురి ప్రధానసేనను నడిపించుకొని రాగా, తూర్పున బెజవాడనుండి మేజర్ జనరల్ ఎ. ఎ. రుద్ర నాయకత్వమున మరియొక సేన బయలుదేరినది. అందులో గూర్ఖాలు కలరు. గుఱ్ఱములను విడిచి టాంకులనెక్కినను అశ్వదళమను పాతపేరును విడువని పూనా హార్స్ స్క్వాడ్రను ఒకటి కలదు. కొన్ని ఫిరంగులు కలవు.

వారినెదిరించినవి రెండవ, నాలుగవ హైదరాబాదు లాన్సర్ల దళములు. వారి చేతిలోనున్నవి హంబరు, స్టాగ్‌హౌండు అను కవచశకటములు. ఇవి గొలుసుపట్టాలమీద నడచు టాంకులకన్న తేలికైనవి. రబ్బరు చక్రములమీద పరుగెత్తునవి. అయినను తుపాకిగుండుకు లొంగనివి. దారి యిరుకున నిలిచి పోరాడినచో నడచివచ్చు సిపాయిలను చాలసేపు ఆపగలిగినవే. మొదటిరోజున వారు గట్టిగానే ఎదిరించిరి. ఐనను ఉదయము ఎనిమిదిన్నరకు కోదాడ, మధ్యాహ్నమునకు మునగాల భారతసేన వశమైనవి. మూడవనాడు సూర్యాపేటపై ముందుగా విమానములు దాడిచేసినవి. ఆ వెనుక నేలమీది సేన ప్రవేశించినది. వెనుకకు మరలిన సంస్థానపు సేనలు మూసీ వంతెనను పేల్చివేసినవి కాని, ఆ వంతెనను బాగుచేయనీయకుండ తుపాకులతో కాపుకాయువారు అచట నిలువలేదు. కావలి లేనందువలన ఆ వంతెన త్వరలోనే మరల సిద్ధమైనది.

ఆ యుద్ధమున భారతవాయుసేన పంపినవి టెంపెస్టు విమానములు. ఒక్కొక్కదానికి 20 మిల్లీమీటర్ల ఫిరంగులు నాలుగేసి. వేగము గంటకు 600 కిలోమీటర్లకు పైమాటే. వానికి ఎదురుగా హైదరాబాదునుండి లేచిన యుద్ధవిమానము ఒక్కటియు లేదు. విమానాశ్రయములు లేవా యనిన, కలవు. బేగంపేట కలదు, బీదరు కలదు, మనవైపు మామునూరు కలదు. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా దేశీయుడు కరాచీనుండి లాంకాస్ట్రియన్ విమానములలో ఆయుధములను మోసుకొని దొంగచాటుగా వచ్చి దిగుచుండెను కూడ. కాని అవి మోయు విమానములు. పోరు విమానములు కావు.

ఇచ్చట ఒక చరిత్రవిశేషమును మీకు చెప్పకుండ ఉండలేను. మొదటి ప్రపంచయుద్ధకాలమున నిజాము ప్రభువు ఇచ్చిన ధనముతో బ్రిటిషు వాయుసేనలో 110వ స్క్వాడ్రనుకు విమానములు సమకూరినవి. దానికి హైదరాబాదు స్క్వాడ్రనని పేరు నిలిచినది. రెండవ యుద్ధములో 152వ స్క్వాడ్రనుకును, 253వ స్క్వాడ్రనుకును కూడ అదే విధముగ హైదరాబాదు పేరు వచ్చినది. 1940లో జర్మనీ విమానములు బ్రిటను దేశముమీద విరుచుకుపడినప్పుడు, ఆ ద్వీపమును కాపాడిన స్పిట్‌ఫైరులలో, హరికేనులలో హైదరాబాదు పేరు మోసినవి ఉండెను. ఎనిమిదేండ్లకే, అదే హైదరాబాదు సిపాయి కోదాడ దారిలో తలయెత్తి చూచినప్పుడు, ఆకాశమున తనదైన విమానము ఒక్కటియు కనబడలేదు. రజాకార్ల దౌర్జన్యములకు నలిగిన పల్లెలకు ఆ విమానముల మ్రోత ఊరటగా వినబడియుండును. ఆ శకటములో కూర్చున్న సిపాయి మాట వేరు. ఆకాశము పరాయిదైనప్పుడు అతని ఉక్కుగోడ విలువ సగమునకు సగము పడిపోవును. నేడు నేను చెప్పదలచినది ఇదే. ఆకాశము పరాయిదైనప్పుడు టాంకు తన బలముతోనే తన్ను కాపాడుకొనలేదు.

ఎందుచేత? ముందుగా టాంకు శరీరనిర్మాణమును చూడుడు.

టాంకును చేసినవారు దాని ముఖమునకు ఎక్కువ ఉక్కును, ప్రక్కలకు అంతకు తక్కువను, నెత్తికి మిక్కిలి తక్కువను ఇచ్చిరి. అన్నివైపులను సమానముగా దట్టించినచో అది కదలలేదు. ఏ వంతెనయు దానిని మోయలేదు. జర్మనీవారి టైగరు టాంకు పేరు విన్నంతనే ఎదుటివారు జంకెడివారు. దాని ముందరి కవచము 100 మిల్లీమీటర్ల మందము. అంత టైగరుకును నెత్తిమీది రేకు మొదట 25 మిల్లీమీటర్లే. పాంథరు టాంకునకు అదియు లేదు, 16 మిల్లీమీటర్లే. మన జానెడులో పదునాలుగవ వంతు కూడ లేని ఆ రేకునకు మీదనే విమానమున్నది. టాంకు బలహీనస్థానము ఏదో, శత్రువిమానము వచ్చు దిక్కు సరిగా అదే.

ఇక టాంకులోని పెద్ద ఫిరంగి సంగతి. అది ఎదుటి టాంకును, ఇంటిని, కోటగోడను కొట్టుటకు ఏర్పడినది. దాని మూతి ఆకాశమువైపు కొంతవరకే లేచును. విమానమును అనుసరించి తిరుగునంత వేగము దానికి లేదు. కనుక విమానముమీదికి మిగిలినది ఒక చిన్న మరతుపాకి. అమెరికావారి షెర్మన్ టాంకు బురుజుమీద 12.7 మిల్లీమీటర్ల బ్రౌనింగు మరతుపాకిని అమర్చిరి. జర్మనులు నాయకుని మూతచుట్టు ఒక కడ్డీని కట్టి దానిపై తమ మరతుపాకిని నిలిపిరి. రష్యావారు యుద్ధము చివరకు వచ్చిన తరువాత తమ బరువుటాంకులమీద 12.7 మిల్లీమీటర్ల తుపాకిని పెట్టిరి.

తుపాకి మంచిదే. దానిని కాల్చువాడెక్కడ? వాడు టాంకులోపల ఉండి దానిని కాల్చలేడు. మూత తెరచి నడుమువరకు పైకి రావలెను. షెర్మనులోనైతే పలుమారులు బురుజు వెనుకకు పోయి, టాంకు వీపుమీద నిలిచి కాల్చవలసి వచ్చెడిది. విమానము గుండ్లు కురిపించుచు వచ్చు క్షణముననే, కవచము తనకు అన్నిటికన్న అవసరమైన క్షణముననే, అతడు కవచమును విడిచి బయటికి రావలెను! దానికితోడు కాలము ఎంతటిదో చూడుడు. గంటకు 600 కిలోమీటర్ల వేగముతో వచ్చు విమానము ఒక్క సెకనులో నూటయరువది మీటర్లకు పైగా దూసుకొనివచ్చును. ఆ తుపాకి గురి ఏడెనిమిది వందల మీటర్లకు మించి నమ్మదగినది కాదు. అనగా తుపాకివానికి దొరకునది నాలుగైదు సెకనులు. మీరొక దీర్ఘశ్వాస తీసి విడుచునంతలో అంతయు ముగియును.

అట్లైన ఆ తుపాకి ఎందులకని మీరడుగవచ్చును. దానికి ప్రయోజనము లేకపోలేదు. మన జొన్నచేలలో మంచెయెక్కి వడిసెల త్రిప్పు కావలివానిని తలచుకొనుడు. అతని రాయి తగిలి నేలకూలు పిట్టలు ఎన్ని? ఐనను అతడు మంచెమీద నున్నంతవరకు పిట్ట కంకిమీద నిలిచి గింజ తినలేదు. టాంకు తుపాకి చేయగలిగినది అట్టి పనియే. పదితుపాకులు ఒక్కమారు మీదికి నిప్పులు కక్కినప్పుడు వైమానికుడు ఇంకను క్రిందికి దిగుటకు సంకోచించును. కొంచెము దూరముననే తన రాకెట్టును విడిచి పైకి లేచును. ఆ కొంచెము దూరమువలననే గురి తప్పును. అందుచేత ఆ తుపాకిని విమానమును కూల్చుసాధనముగ గాక, వైమానికుని గురి చెదరగొట్టు సాధనముగ ఎంచవలెను. అట్లు ఎంచినప్పుడే సైనికులు దానిని ఎందుకు విడువలేదో మనకు బోధపడును.

గురి అంటిని గదా. ఇక్కడ కథ రెండవవైపునకు తిరుగును. టాంకు విమానమును కొట్టలేదు, నిజమే. విమానము టాంకును అంత సులువుగా కొట్టినదా?

1944 ఆగస్టు 7వ తేదిన ఫ్రాన్సులోని మోర్తేన్ పట్టణముచెంత జర్మనీ టాంకులు ఎదురుదాడికి దిగినవి. ఉదయపు మంచు విడిపోగానే బ్రిటిషువారి టైఫూను విమానములు వానిపై దూకినవి. ఒక్కొక్క విమానమునకు ఎనిమిదేసి రాకెట్లు. ఆ పోరు ముగిసిన పిదప వైమానికులు తాము ఎనుబదికి పైగా టాంకులను ధ్వంసముచేసితిమని తెలిపిరి. వారు అబద్ధమాడువారు కారు. పొగలోను, ధూళిలోను, ప్రాణభయములోను వారికట్లు కనబడినది. కాని తరువాత పరిశోధకులు ఆ పొలములలోనికి పోయి, ఒక్కొక్క టాంకు కళేబరమును తడిమి, రంధ్రములను పరీక్షించి చూచిరి. రాకెట్టువలన గాని, విమానపు బాంబువలన గాని చెడినవి పదికి లోపే! నిలిపియుంచిన ఒక పాంథరు టాంకునకు తెల్లరంగు పూసి, వైమానికులచే 64 రాకెట్లను వేయించి పరీక్షింపగా, మూడు మాత్రమే తగిలినవి. కదలని టాంకు, పైన శత్రువులేని ఆకాశము. ఐనను మూడే.

మరి మోర్తేన్ దాడి ఎందుకు ఆగినది? ఆగినమాట నిజము. ఆ పొలములలో పరిశోధకులకు చెడని టాంకులు, సిబ్బంది విడిచిపోయిన టాంకులు కనబడినవి. ఇరుకైన ఆ ఉక్కుగదిలో అయిదుగురు కూర్చుందురు. బయట ఏమి జరుగుచున్నదో వారికి కనబడదు. రాకెట్టు పడిన చప్పుడు మాత్రము చెవులను చీల్చును. తదుపరి రాకెట్టు తమమీద పడునో, తప్పునో వారెరుగరు. మూత తెరచి చెట్లలోనికి పరుగెత్తినవానిని పిరికివాడని నేననలేను. దానికితోడు టాంకులకు వెనుక నడచు పెట్రోలు లారీలున్నవి, గుండ్లు తెచ్చు లారీలున్నవి. వానికి కవచము లేదు. విమానపు ఫిరంగి ఆ లారీలను సులభముగా దహించినది. పెట్రోలు రానిచో టైగరు టాంకైనను దారిప్రక్కన పడియున్న ఇనుపదిమ్మెయే.

మరల ఒకమారు చెప్పెదను. టాంకు విమానమును కూల్చుట అరుదు. విమానము టాంకును సూటిగా కొట్టుటయు, విన్నంత తరుచు కాదు. విమానము కొట్టినది టాంకుల దండును: దాని లారీలను, దాని దారులను, దానిలోని మనుష్యుల గుండెనిబ్బరమును.

రష్యావారు ఈ గురి చిక్కును వేరొక ఉపాయముతో దాటజూచిరి. 1943 జూలైలో కుర్స్కు మహాసంగ్రామమున వారి స్టుర్మొవిక్ విమానములు, ఒక్కొక్కటి కిలోన్నర బరువున్న చిన్నచిన్న బాంబులను గుప్పిళ్ళతో వెదజల్లినట్లు కురిపించినవి. ఒక్కటి నెత్తిమీద పడినను చాలును. ఆ పలుచని రేకును అది తొలుచుకొని లోపలికి పోవును. ఒక్క గురిని నమ్ముటకన్న విస్తారముగా చల్లుట మేలని వారు గ్రహించిరి.

మరి టాంకులకు నిజమైన రక్ష ఏది? దాగుట. ఇందు మన నేల మనకు మంచి పాఠము చెప్పును. జనగామ చుట్టుప్రక్కల బోడగుట్టలను, ఎండకాలమున చెట్టునీడ కరవైన చెలకలను మీరెరుగుదురు. అట్టిచోట పట్టపగలు ఒక టాంకు కదలినచో, అది లేపు దుమ్ము పది కిలోమీటర్ల దూరమునుండి వైమానికునికి దారి చూపును. అదే టాంకును భూపాలపల్లి దాటి మహాదేవపురము వైపు టేకు, మద్ది చెట్ల అడవిలోనికి తీసికొనిపొండు. ఆకురాలు కాలము కానిచో, మీదనుండి చూచువానికి పచ్చదనము తప్ప మరేమియు కనబడదు. తుపాకి చేయలేని రక్షను కొమ్మలు చేయును. ఫ్రాన్సుదేశపు నార్మండీలోని జర్మనులు ఈ విద్యను కష్టపడి నేర్చిరి. టాంకులనిండ కొమ్మలు కట్టిరి. పగలు తోపులలో పడియుండి రాత్రులందే ప్రయాణము చేసిరి. నేలమీద పడిన పట్టాల జాడలను కూడ చెరిపివేసిరి. కాని వేసవి రాత్రి చిన్నది. రాత్రి మాత్రమే నడచు సేన వేళకు చేరవలసినచోటికి చేరదు. ప్రాణము దక్కినను యుద్ధము చేజారును.

దాగుటకును హద్దు కలదు. తెలుగువారు ఎందరో పొట్టకూటికై పోయి స్థిరపడిన బర్మాదేశములో, 1945 ఫిబ్రవరిలో, ఐరావతీనదీతీరపు పోరాటము సాగుచుండగా, బ్రిటిషు వాయుసేన 20వ స్క్వాడ్రను హరికేనులు జపానువారి టాంకులను వెదకుచు పోయినవి. ఆ హరికేనుల రెక్కలక్రింద 40 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండేసి ఉండెడివి. ఒక వైమానికునికి క్రింద గుడిసెవంటిది కనబడినది. సందేహము కలిగి కాల్చెను. గుడిసె ఎగిరిపోయి, లోపల టాంకు బయటపడినది! ఒకటి దొరికిన తరువాత మిగిలినవి దొరకుట కష్టముకాలేదు. ఆ దినమున డజనుకు మించిన టాంకులను వారు నాశనము చేసిరి. రాకెట్టుకన్న ఆ ఫిరంగికి గురి మిన్న. దాగిన టాంకు రహస్యము ఒకమారు తెలిసిపోయినచో, అది పారిపోవుటకు కూడ సిద్ధముగా లేని టాంకు.

దాగలేనిచోట తోడు కావలెను. జర్మనులు కొన్ని టాంకులపైనుండి పెద్ద ఫిరంగిని తీసివేసి, నాలుగు 20 మిల్లీమీటర్ల ఫిరంగులను ఒకే బురుజులో అమర్చి, విమానములను కొట్టుటకే నియోగించిరి. దానికి సుడిగాలియని పేరుపెట్టిరి. పేరు తగినదే, కాని అవి కొద్ది సంఖ్యలో, ఆలస్యముగా వచ్చినవి. బ్రిటిషువారు తమ క్రూసేడరు టాంకులను అదేరీతిగా మార్చి నార్మండీకి తెచ్చిరి. తెచ్చిన కొలది వారములకే ఆ దళములను రద్దు చేసిరి. ఏలయన, ఆకాశమంతయు వారి విమానములదే. కొట్టుటకు జర్మనీ విమానములు రాలేదు. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు నాకు తోచునది యేమనగా, టాంకునకు మేలైన గొడుగు దాని తుపాకి గాదు, దానికి తోడువచ్చు తుపాకిబండి కూడ గాదు, తనవారి యుద్ధవిమానము. కోదాడ దారిలో పూనా హార్స్ వారికి అది ఉండెను. లాన్సర్లకు లేదు.

ప్రపంచయుద్ధము ముగిసి పాతికేండ్లు గడచిన తరువాతనైనను ఈ స్థితి మారినదా? 1971 డిసెంబరు 4వ తేది రాత్రి, రాజస్థాను ఎడారిలోని లోంగేవాలా ఠాణామీదికి పాకిస్థాను టాంకులు వచ్చినవి. అచట మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వమున పంజాబు రెజిమెంటు వారు ఒక కంపెనీ మాత్రమే ఉండిరి. తెల్లవారువరకు వారు పట్టు విడువక నిలిచిరి. తెల్లవారగనే జైసల్మేరునుండి హంటరు విమానములు వచ్చినవి. పాకిస్థానువారి టాంకుల బురుజులమీద 12.7 మిల్లీమీటర్ల తుపాకులు ఉండనే ఉన్నవి. కాని వారిపైన వారి విమానము లేదు. చెట్టు లేదు, తోపు లేదు, నీడ లేదు; అంతట ఇసుకయే. ఆ టాంకులు ఇసుకలో గుండ్రముగా తిరుగుచు, దుమ్ము లేపి, ఆ దుమ్ముమాటున దాగుటకు యత్నించినవి. పైనుండి తీసిన ఛాయాచిత్రములలో ఆ వలయములు నేటికిని స్పష్టముగా కనబడును. ఆ చిత్రములను చూచినప్పుడు, వారు శత్రువులైనను, నా మనస్సు కలతపడినది. ఆ సుడులలో మనుష్యులున్నారు గదా. ఆ తుపాకులు ఒక్క హంటరునైనను కూల్చలేకపోయినవి. టాంకులు మాత్రము ఒకదాని వెనుక ఒకటి మండినవి.

నేటి సంగతి రెండు మాటలలో చెప్పి ముగించెదను. 2022నుండి ఉక్రెయినులో జరుగుచున్న యుద్ధమున, పెండ్లిపందిళ్ళలో ఫోటోలు తీయు డ్రోనువంటి చిన్నయంత్రమే బాంబును మోసికొని వచ్చి టాంకు నెత్తిని కొట్టుచున్నది. సైనికులు బురుజులమీద ఇనుపకడ్డీల పందిరులు వేసికొనుచున్నారు. ఎనుబదియేండ్లు గడచినను బలహీనత అదే చోటున ఉన్నది.

మన తెలంగాణలో ఈ ప్రశ్నకు ఇరువైపులను పనిచేయు కార్మికులు కలరు. ఎద్దుమైలారములో 1984లో నెలకొన్న ఆయుధకర్మాగారమున సారథ్ అను కవచవాహనములు తయారగుచున్నవి. 1970లో హైదరాబాదున స్థాపింపబడిన భారత్ డైనమిక్స్ సంస్థవారు టాంకు పలుచని నెత్తినే వెదకిపోయి కొట్టు నాగ్ క్షిపణిని చేయుచున్నారు. విమానములనుండి నేలమీది సేనను కాచు ఆకాశ్ క్షిపణిని కూడ వారే చేయుచున్నారు. జనగామనుండి, మానుకోటనుండి, భూపాలపల్లినుండి ఐ.టి.ఐ. చదివి, ఇంజనీరింగు చదివి అట్టి కర్మాగారములలో పనికి కుదురు యువకులారా, మీ చేతిక్రిందికి వచ్చు ఉక్కురేకు ఏ వాహనపు నెత్తికి పోవునో అడిగి తెలిసికొనుడు. దాని మందము నిర్ణయించువారు ఒక మిల్లీమీటరు పెంచవలెనన్నను బరువును, వేగమును, వంతెనను లెక్కవేయవలెను. 1944లో జర్మనీ ఇంజనీరును కలతపెట్టిన లెక్క ఇదే. అది ఇంకను తెగలేదు.